ఎర మార్చాలా? చోటు మారాలా?

మృగశిర కార్తె మొదటి రోజు. తెల్లారి అయిదు కూడా కాలేదు. జి.కొండూరు దగ్గర మా ఊరి చెరువు కట్ట మీద నేను, మా బాబాయ్. ‘‘ఇవాళ కొర్రమీను లేకుండా గడప తొక్కొద్దు’’ అని పిన్ని ముందే చెప్పేసింది. మృగశిర రోజు చేప తినాలన్నది మనవాళ్ల లెక్క కదా. ఆ రోజు మార్కెట్లో కొర్రమీను ధర అడగాలంటే గుండె ధైర్యం కావాలి. అందుకే మేం చెరువును నమ్ముకున్నాం. చెరువు మత్స్యకారుల సొసైటీ లీజులో ఉంది. వాళ్లు వదిలిన బొచ్చె, రోహు జోలికి పోమని, కొర్రమీనుకే గాలం వేస్తామని ముందురోజే వెళ్లి చెప్పి వచ్చాం.

నా సరంజామా చూస్తే మీరూ నవ్వుతారు. ఆన్‌లైన్‌లో కొన్న రాడ్డు, రీలు, పెట్టెలో పదకొండు లూర్లు. లూర్ అంటే బతికున్న ఎర బదులు కట్టే బొమ్మ ఎర. ఆకుపచ్చ కప్ప, పసుపు కప్ప, నల్ల కప్ప, గిరగిరా తిరిగే రేకు, తోక ఊపే రబ్బరు చేప... ఇలా. బాబాయ్ దగ్గర ఒక వెదురు కర్ర, ఒక గాలం, మూతకి చిల్లులు పొడిచిన డబ్బాలో నాలుగు కప్పపిల్లలు. అంతే.

మొదటి గంటలో నేను ఏడుసార్లు లూర్ మార్చా. మూడుసార్లు చోటు మారా. ఒక్క చేపా తగల్లేదు. బాబాయ్ తన కర్ర పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

‘‘ఏరా, చేపలు పట్టడానికొచ్చావా, ముడులు వేయడానికొచ్చావా?’’

నవ్వేశా. కానీ ఆ మాట కాసేపు వదల్లేదు. ఎందుకంటే ఆ వారం నేను ఊరికి వచ్చింది చేపల కోసం కాదు.

హైదరాబాద్‌లో అయిదేళ్లుగా ఒకే కంపెనీ. మా ప్రాజెక్టు మూసేశారు. రెండు నెలలుగా బెంచ్ మీద ఉన్నా. ఈ రెండు నెలల్లో మూడు ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టా. క్లౌడ్ సగంలో ఆపేసి డేటా ఇంజనీరింగ్, అది సగంలో ఆపేసి ఏఐ. ఈలోగా పుణె నుంచి ఒక ఆఫర్ వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఉన్నచోటే కొత్త పని నేర్చుకుని నిలబడాలా? మూట సర్దుకోవాలా? ఎటూ తేల్చుకోలేక, ల్యాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని అమ్మ దగ్గరికి వచ్చేశా.

అంటే చెరువులో చేసిన పనే నేను ఉద్యోగంలోనూ చేస్తున్నా. అది బాబాయ్‌కి తెలీదు.

అక్కడ బాస్, ఇక్కడ కొర్రమీను

ఎర మార్చాలా, చోటు మారాలా అన్న ప్రశ్న మీద అమెరికాలో పెద్ద పోటీలే నడుస్తాయి. అక్కడ బాస్ అనే చేపకి ఉన్న క్రేజు మన దగ్గర క్రికెట్‌కి ఉన్నంత అనుకోండి. బాస్‌మాస్టర్ క్లాసిక్ అనే పోటీ 1971 నుంచి జరుగుతోంది. పోటీకి దిగినవాళ్ల పడవలో పదీ పన్నెండు రాడ్లు వరసగా పడుకుని ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో లూర్ ముందే కట్టి ఉంటుంది. కొత్త ముడి వేయడానికి పట్టే రెండు నిమిషాలు కూడా దండగే అని వాళ్ల లెక్క. రోజు మొత్తంలో పట్టిన వాటిలో అయిదు మంచి చేపల బరువు తూస్తారు. గడియారం తరుముతుంటుంది. ఉన్నచోటే ఇంకో లూర్ వేసి చూడాలా, ఇంజిన్ స్టార్ట్ చేసి అవతలి ఒడ్డుకి పోవాలా అన్నది నిమిషం నిమిషం తేల్చుకోవాలి.

దీనికి పూర్తిగా ఎదురు కథ కూడా ఉంది. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే కుర్రాడు 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పట్టాడు. మన లెక్కలో 10 కిలోల పైమాటే. ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేసేదాకా పక్కన నిలబడ్డవాడే లేడు. ఆ రోజు పెర్రీ, అతని స్నేహితుడు ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే రాడ్డు, ఒకే లూర్ అని చెబుతారు. మార్చుకుందామన్నా ఇంకోటి లేదు!

మన చెరువుల్లో బాస్ ఉండదు. కానీ బుద్ధిలో దాని చుట్టం ఉంది. అదే కొర్రమీను. తెలంగాణ తన రాష్ట్ర చేపగా పెట్టుకున్నది దీన్నే. నాచు చాటున, తామరాకుల నీడలో కదలకుండా మాటు వేస్తుంది. కప్పో చిన్న చేపో పక్క నుంచి పోతే ఒక్క ఉదుటున మీద పడుతుంది. బాస్ కూడా ఇంతే. అందుకే బాస్ కోసం చేసిన రబ్బరు కప్పలు ఇక్కడ కొర్రమీనుకీ పనికొస్తాయి. ఇంకో సౌకర్యం ఏంటంటే, కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకోవాలి. నీళ్లలోని ఆక్సిజన్ ఒక్కటే దానికి చాలదు. కాబట్టి ఓపిగ్గా చూస్తే అది ఎక్కడుందో అదే చెప్పేస్తుంది.

నేను చూడలేదు. పెట్టెలోకి చూస్తూ కూర్చున్నా.

ముందు నీళ్లు చూడు

‘‘లూర్లు లోపల పెట్టి పది నిమిషాలు ఊరికే కూచో’’ అన్నాడు బాబాయ్. కూర్చున్నా. మొదట ఏమీ కనబడలేదు. తర్వాత ఒక్కొక్కటే.

తూముకి ఎడమ పక్కన తామరాకులు గాలి లేకుండానే ఊగాయి. కాస్త అవతల ‘గుప్’మని చిన్న చప్పుడు, గుండ్రంగా అల. కొర్రమీను గాలి మింగి వెళ్లింది. ఇంకోచోట చిన్న పరిగెలు ఒక్కసారిగా చిల్లర విసిరినట్టు పైకి ఎగిరి పడ్డాయి. కింద ఏదో తరుముతోంది. నేను గంట నుంచి విసిరినచోట మాత్రం ఇవేమీ లేవు. నీళ్లు పలకలా ఉన్నాయి.

‘‘ఎర మార్చేది చేప కోసం. చేపే లేనిచోట ఎవరి కోసం మారుస్తావురా?’’

ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదో! ఆఫీసులో ఏదైనా బగ్ వస్తే మేం ముందు చూసేది లాగ్. అసలు రిక్వెస్ట్ సర్వర్‌ దాకా వచ్చిందా లేదా? రాకపోతే కోడ్ ఎంత మార్చినా ఉపయోగం లేదు. చెరువు దగ్గర నేను లాగ్ చూడకుండానే కోడ్ మార్చుతున్నా. అదీ ఒకేసారి రంగు, సైజు, చోటు అన్నీ. అప్పుడు చేప పడినా ఎందుకు పడిందో తెలీదు, పడకపోయినా ఎందుకు పడలేదో తెలీదు.

తామరాకుల దగ్గరికి జరిగాం. అక్కడ బాబాయ్ చెప్పినదాన్ని నా మాటల్లో పెడతా. గాలం పట్టే ప్రతివాడికీ పనికొస్తుంది.

ఎర వెనక నీళ్లు ఉబికి, చేప వచ్చి చూసి వెళ్లిపోయిందా? చోటు సరైనదే. చేపకి ఎరా కనబడింది. ఏదో నచ్చలేదు. అప్పుడు ముందు మార్చాల్సింది లూర్ కాదు, లాగే తీరు. వేగంగా లాగుతుంటే నెమ్మదించండి. మధ్యలో ఆపండి. కప్ప ఎక్కడైనా ఆగకుండా ఈదుతుందా? అయినా తినకపోతే చిన్న సైజుది కట్టండి. రంగు ఆఖర్న. మనలాంటి కొత్తవాళ్లు ముందు మార్చేదేమో రంగు. ఎందుకంటే పెట్టెలో మన కంటికి కనబడేది అదే.

మీద పడింది గానీ గాలానికి తగల్లేదా? ఎర, చోటు రెండూ సరైనవే. తప్పు మన చేతిది. నీళ్లు పేలినట్టు చప్పుడు కాగానే కంగారులో లాగేస్తాం. కప్ప ఇంకా చేప నోట్లోకి పోకుండానే బయటికొచ్చేస్తుంది. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బరువెక్కాక లాగాలి. ఇక్కడ లూర్ మార్చడమంత తెలివితక్కువ పని లేదు.

ఉబుకూ లేదు, చప్పుడూ లేదు, ఆకూ కదల్లేదా? అప్పుడు చోటు అనుమానించాలి. అది కూడా ఒకే ఎరని పైన ఒకసారి, లోతులో ఒకసారి, వేగంగా, మెల్లగా వేసి చూశాకే.

ఇరవై విసుర్లు

సరే, చోటు ఎంతసేపటికి వదలాలి? బాబాయ్‌కి ఒక లెక్క ఉంది. ఆకుల మధ్య ఒక సందు దగ్గర ఇరవై విసుర్లు. ఆ లెక్క కూడా నీళ్ల దగ్గరికి దిగకముందే అనుకోవాలట. ‘‘దిగాక అనుకుంటే విసుగొస్తే అయిదుకే లేస్తావు. పంతమొస్తే వందైనా లేవవు’’ అన్నాడు.

ఇంటికి వెళ్లాక వెతికితే ఇలాంటి లెక్కే ఒకటి సైన్సులో దొరికింది. ఎరిక్ చార్నోవ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1976లో రాశాడు. పక్షి ఒక పొద దగ్గర పురుగులు ఏరుకుంటోందనుకోండి. తినేకొద్దీ అక్కడ పురుగులు తగ్గుతాయి. మరి ఎప్పుడు ఎగిరిపోవాలి? పొద పూర్తిగా ఖాళీ అయ్యాక కాదు. అక్కడ దొరికే జోరు, చుట్టుపక్కల అన్ని పొదల మీద సగటున దొరికే జోరుకి పడిపోయినప్పుడే లేచిపోవాలి. ఆ సగటులో దారిలో పోయే టైమూ కలపాలి. అందుకే పక్క పొద దూరమైతే ఉన్నచోటే ఇంకాస్త ఓపిక పట్టడం లాభం. దగ్గరైతే త్వరగా కదలొచ్చు.

బాబాయ్ చార్నోవ్‌ని చదవలేదు. కానీ ఆయన ముందు పది అడుగులే జరుగుతాడు. అక్కడా ఏమీ లేకపోతే ఇంకో పది. చెరువు అవతలి ఒడ్డుకి పోవడం ఆఖరి మాట. పోయి రావడానికి ముప్పావు గంట పడుతుంది. తెల్లవారుజామున ముప్పావు గంట అంటే సగం వేట.

ఒకచోట మాత్రం ఇరవై కాదు, ఒక్కటి కూడా వేయనివ్వలేదు. కట్ట మలుపులో నీళ్ల మీద ఎర్రగా, గుప్పెడంత మబ్బులా పిల్లలు కదులుతున్నాయి. అంతకు ముందు వారం రెండు వానలు పడ్డాయిలెండి. కొర్రమీను పిల్లలు చిన్నప్పుడు ఎర్రగానే ఉంటాయి, గుంపుగా తిరుగుతాయి. కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. అప్పుడు దాని ముందు ఏది వేసినా మీద పడుతుంది. ఆకలితో కాదు, కోపంతో. నా చేయి రాడ్డు మీదికి పోయింది. అంత ఖాయమైన చేప పొద్దుట్నుంచీ కనబడలేదు మరి!

‘‘అది పట్టావంటే ఆ పిల్లలన్నీ గంటలో మిగతా చేపలకి ఫలహారం. పద పద’’ అని నడిచాడు. నేనూ నడిచా.

ఎర కాదు, చోటు కాదు

ఆరున్నరకి బాబాయ్‌కి ఒకటి పడింది. కిలో పైనే ఉంటుంది. పిన్నికి జవాబు దొరికింది. తర్వాత నా నల్ల కప్ప వెనక రెండుసార్లు నీళ్లు ఉబికాయి. లూర్ మార్చలేదు. మధ్యలో ఆపి, మూడు లెక్కపెట్టి, మళ్లీ కదిపా. ధబ్‌మని పడింది! అప్పటిదాకా విన్న పాఠం మొత్తం మర్చిపోయి వెంటనే లాగేశా. కప్ప ఎగిరొచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

వెంటనే మళ్లీ అక్కడికే విసరబోతే బాబాయ్ ఆపాడు. బెదిరిన చేప మీద పదే పదే వేస్తే ఇంకా లోపలికి పోతుందట. ఆ చోటుని అరగంట వదిలేసి మళ్లీ రమ్మన్నాడు. అరగంటాగి వచ్చాం. ఇరవై విసిరా. రాలేదు. అప్పటికి ఎండ ఎక్కింది. కొంగలు కూడా గట్టెక్కి కూర్చున్నాయి.

‘‘ఇప్పుడు ఎర మార్చినా రాదు, చోటు మారినా రాదు. వేళ దాటింది. సాయంత్రం చూద్దాం’’ అని దారం చుట్టేశాడు. నేను ఇప్పటిదాకా రెండే దారులు అనుకున్నా. కాసేపు ఏమీ చేయకుండా ఉండటం మూడోది. కాకపోతే దాన్ని కూడా మళ్లీ ఎప్పుడొస్తామో చెప్పి మరీ ఎంచుకోవాలి. లేకపోతే అది బద్ధకం అవుతుంది.

బుడమేరు మడుగు

తిరిగి వస్తుంటే అడిగా. ‘‘బాబాయ్, చిన్నప్పుడు నన్ను బుడమేరు మడుగుకి తీసుకెళ్లేవాడివిగా. ఇప్పుడెందుకు పోవట్లేదు?’’

కొంచెం దూరం మాట్లాడలేదు.

మా మెట్ట ఊళ్లకి బుడమేరు అంటే తెలుసు. ఏడాదిలో సగం రోజులు సన్నగా పారే వాగు. జిల్లాల విభజన తర్వాత మాది ఎన్టీఆర్ జిల్లా అయింది గానీ బాబాయ్ ఇంకా కృష్ణా జిల్లా అనే అంటాడు. నందిగామ వాళ్లకి మునేరు, జగ్గయ్యపేట వాళ్లకి పాలేరు ఎలాగో మాకు బుడమేరు అలాగ. మా మండలంలోనే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీళ్లని డైవర్షన్ కాలవ మీదుగా కృష్ణలోకి మళ్లించారు. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకి ఆ కాలవకి గండ్లు పడ్డాయి. నీళ్లు విజయవాడ మీద పడ్డాయి. సింగ్‌నగర్ వైపు జనం రోజుల తరబడి నీళ్లలో ఉన్నారు. అదంతా మీరు టీవీల్లో చూసే ఉంటారు.

టీవీలో రానిది బాబాయ్ మడుగు. పాతికేళ్లుగా ఆయన గాలం వేసిన లోతు, వరద తెచ్చిన ఇసక, మట్టితో పూడిపోయింది.

‘‘తర్వాత వచ్చిన ఎండాకాలమంతా అక్కడికే పోయా’’ అన్నాడు. ‘‘వారానికి రెండుసార్లు. మోకాల్లోతు నీళ్లు. కొర్రమీను కాదు కదా, పరిగె కూడా లేదు. కప్ప మార్చా, వానపాము వేశా, చేపపిల్ల కట్టా. ఎరదే తప్పనుకున్నా. చోటుది తప్పనడానికి నోరు రాలేదురా. మీ నాన్నా నేనూ పట్టిన చోటది.’’

నాన్న పోయి తొమ్మిదేళ్లు. నేనేమీ అనలేదు.

పొద్దున్నుంచీ నాకు పాఠం చెప్పిన మనిషి ఒక ఎండాకాలం మొత్తం చచ్చిపోయిన నీళ్లలో ఎర మారుస్తూ కూర్చున్నాడు. నాది విసుగు. ఆయనది మమకారం. రెండూ నీళ్లు చూడనివ్వవు.

శుక్రవారం లోపు

ఆ రాత్రి ల్యాప్‌టాప్ తెరిచి నాలుగో కోర్సు వెతకలేదు. నోట్‌ప్యాడ్‌లో నా రెండు నెలలు రాసుకున్నా. ఆరు టీమ్‌లకి రెజ్యూమె పంపా. ఒక్కరూ పిలవలేదు. అంటే చోటు చచ్చిపోయినట్టేనా? అలా కూడా అనలేను. ఏ ఒక్క కోర్సూ పూర్తి చేయలేదు కదా. ఒక్క ఎరనైనా ఇరవైసార్లు విసరలేదు. అప్పుడు అసలు ప్రశ్న గుర్తొచ్చింది. అక్కడ చేప ఉందా?

మర్నాడు కంపెనీలో నాకు బాగా తెలిసిన ఇద్దరు లీడ్‌లకి ఫోన్ చేసి సూటిగా అడిగా. ‘‘నేను డేటా ఇంజనీరింగ్ పూర్తిగా నేర్చుకుని వచ్చాననుకోండి, ఈ ఏడాది మీ దగ్గర గానీ, మీకు తెలిసిన టీమ్‌లో గానీ సీటు ఉందా?’’ ఇద్దరిదీ ఒకటే మాట. ఈ ఏడాదికి ఎవర్నీ తీసుకోవట్లేదు, ఉన్నవాళ్లనే తగ్గిస్తున్నారు. ఈ ప్రశ్న రెండు నెలల కింద అడగాల్సింది. అడిగితే ఆ జవాబు వస్తుందని భయపడి కోర్సులు మార్చుకుంటూ కూర్చున్నా.

పుణెలో ఉన్న కాలేజీ సీనియర్‌కి కూడా చేశా. కొత్త నీళ్లు కూడా చూడాలిగా. పని ఉంది, నేర్చుకోవడానికీ ఉంది, రాత్రి షిఫ్టులూ ఉన్నాయి అన్నాడు. ఇక దూరం లెక్క. హైదరాబాద్ నుంచి అయితే శనివారం పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అమ్మ చేతి అన్నం. పుణె నుంచి రెండు నెలలకోసారి అయినా గొప్పే. అమ్మ ఒక్కతే ఉంటుంది. చార్నోవ్ లెక్కలో దారి ఖర్చు అంటే నిమిషాలు. నా లెక్కలో అది అమ్మ. అదే మాట అమ్మతో చెప్పా. ‘‘బెంచ్ మీద కూచుని ఫోన్‌లో నవ్వినట్టు మాట్లాడతావు చూడు, దానికన్నా దూరం నయం’’ అంది. నా గొంతు ఆమెకి రెండు నెలలుగా అర్థమవుతూనే ఉందన్నమాట.

శుక్రవారం మధ్యాహ్నం పుణెకి సరే అని మెయిల్ పెట్టా. అది సరైనదో కాదో ఇప్పుడే తెలీదు. వెళ్లాక ఒక ఏడాది అని లెక్క మాత్రం ముందే రాసుకున్నా. అప్పటిదాకా విసుగొచ్చినా లేవను. ఏడాది దాటాక మమకారం కొద్దీ కూర్చోను.

ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఇంటికి వెళ్లి బండి తీయమన్నా. బుడమేరు గట్టు పట్టుకుని, పాత మడుగు దాటించి కిందికి నడిపించా. అక్కడ ఆయన ఆగబోయాడు గానీ నేను ఆగలేదు. అర కిలోమీటరు పోయాక వాగు మలుపు తిరిగినచోట ఒక లోతు కనబడింది. ఒడ్డున జమ్ము, పైన కాస్త నీడ. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. పది నిమిషాలు ఎవరం ఏమీ కట్టలేదు.

జమ్ము పక్కన ‘గుప్’మంది.

బాబాయ్ డబ్బా మూత తీస్తూ అడిగాడు, ‘‘ఎన్ని వేద్దాం?’’

‘‘ఇరవై’’ అన్నా.